గాలిలోకి వచ్చి ఇంటికి రాని రేడియో: బగ్దల్, బీదర్ సీమలో రేడియో సెట్ల చరిత్ర

బగ్దల్‌కు రేడియో ఎప్పుడూ దూరపు ఊళ్ల నుంచే వచ్చింది. బీదర్ తాలూకాలో హోబళి కేంద్రమైన ఈ ఊరు కర్ణాటకకు ఈశాన్యపు కొసన, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉంది. బడిలో, కచేరీలో కన్నడ, సంతలో ఉర్దూ, తెలుగు కుటుంబాల ఇళ్లలో తెలుగు, జిల్లా పడమటి ఊళ్లలో మరాఠీ వినిపించే సీమ ఇది. ఈ భాషల్లో ప్రసారం చేసే పెద్ద కేంద్రాలు మాత్రం దగ్గర లేవు. తెలుగు, ఉర్దూ హైదరాబాద్ నుంచి రావాలి. కన్నడ కలబురగి నుంచో ధారవాడ నుంచో రావాలి. హైదరాబాద్ ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైనే. అంత దూరాన పుట్టిన మాటను ఇంట్లో పట్టుకోవాలంటే ఏ సెట్టు కొనాలి, ఎంత పెట్టాలి, చెడిపోతే ఎవరికి చూపించాలి? ఈ సీమలో రేడియో చరిత్రను తొంభై ఏళ్లుగా నడిపించినవి ఈ మూడు ప్రశ్నలే. వాల్వు రేడియో, ట్రాన్సిస్టర్, ఎఫ్.ఎం. తమ తమ కాలాల్లో వీటికి ఏదో ఒక జవాబు చెప్పుకున్నాయి. డిజిటల్ రేడియో ఇంకా చెప్పలేకపోతోంది.

రేడియో సెట్టును జనం చేత కొనిపించడం మన దేశంలో మొదటి నుంచీ తేలిక కాదు. 1927 జూలై 23న బొంబాయిలో ప్రసారాలు మొదలుపెట్టిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ లైసెన్సు రుసుములో వచ్చే వాటాను నమ్ముకుని బతకాలనుకుంది. మూడేళ్లు నిండకుండానే, 1930లో, దివాలా తీసింది. అప్పటికి దేశం మొత్తం మీద లైసెన్సులు ఎనిమిది వేలకు చేరలేదు. మంచి వాల్వు సెట్టు విదేశాల నుంచి దిగుమతి కావలసిందే, దాని ధర మామూలు గుమాస్తాకు అందేది కాదు. అంత సొమ్ము పోసి కొన్నా వినడానికి రోజుకు కొన్ని గంటల కార్యక్రమాలే ఉండేవి. వినేవాళ్లు తక్కువ కాబట్టి రాబడి లేదు, రాబడి లేదు కాబట్టి కార్యక్రమాలు పెరగలేదు. విత్తు ముందా చెట్టు ముందా అన్న ఈ చిక్కు అప్పుడే మొదలైంది. తొంభై ఏళ్ల తర్వాత డిజిటల్ రేడియో చిక్కుకున్నదీ ఇందులోనే.

హైదరాబాద్ రాజ్యంలో రేడియో వేరే దారిన వచ్చింది. బీదర్ అప్పుడు నిజాం ఏలుబడిలోని జిల్లా. ఆ రాజ్యపు తొలి రేడియో కేంద్రం, దక్కన్ రేడియో, 1935 ఫిబ్రవరి 3న ప్రసారాలు ప్రారంభించింది. దాని ట్రాన్స్‌మిటర్ శక్తి 200 వాట్లు, అంటే నూరు వాట్ల బల్బులు రెండు వెలిగించేంత. హైదరాబాద్ నగరానికీ చుట్టుపక్కలకూ సరిపోయే శక్తే తప్ప బీదర్ పల్లెలకు పగటి పూట అందేది కాదది. తర్వాతి సంవత్సరాల్లో శక్తి పెరిగింది. ప్రసారాల్లో ఉర్దూదే పెత్తనం. తెలుగు, కన్నడ, మరాఠీలకు దొరికిన వేళలు కొద్దివి. అయినా ఒకే కేంద్రం నుంచి నాలుగు భాషలు వినిపించడం బీదర్ వంటి సీమకు అచ్చంగా సరిపోయిన ఏర్పాటు. తర్వాతి కాలంలో ఏ కేంద్రమూ దానిని మళ్లీ అంత సహజంగా చేయలేకపోయింది.

సెట్టు ఉన్న ఇల్లు అరుదు కావడం వల్ల ఆ రోజుల్లో రేడియో వినడమంటే నలుగురూ ఒకచోట చేరడమే. 1948 సెప్టెంబర్ 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాల్పుల విరమణ ప్రకటించింది దక్కన్ రేడియోలోనే. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిశాక 1950 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఈ రేడియోను తన చేతుల్లోకి తీసుకుంది. దక్కన్ రేడియో ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంగా మారింది.

1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజన పాత బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేసింది. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ ప్రాంతాలు మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు, ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి చేరాయి. బగ్దల్ కన్నడ రాష్ట్రంలో ఉండిపోయింది. నిన్నటిదాకా ఒకే జిల్లాగా ఉన్న జహీరాబాద్ పొరుగు రాష్ట్రమైంది. కచేరీ కాగితాలు, బడి పుస్తకాలు, బస్సుల రంగులు వేరయ్యాయి. హైదరాబాద్ మీడియం వేవ్ మాత్రం పాత దారినే వచ్చింది. సరిహద్దుకు ఇటువైపు మిగిలిపోయిన తెలుగువాళ్లకు తమ భాషలో వార్తలు, పంటల కబుర్లు, పాటలు ప్రతిరోజూ అందించిన ప్రభుత్వ సంస్థ ఏదైనా ఉందంటే అది పొరుగు రాష్ట్రపు రేడియో కేంద్రమే. ఈ మాటకు తగిన గుర్తింపు రాష్ట్రాల చరిత్రల్లో ఎక్కడా కనబడదు.

మీడియం వేవ్‌కు ఈ పని ఎలా సాధ్యమైందో తెలుసుకుంటే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది. ఈ తరంగాలు పగలు నేలను అంటిపెట్టుకుని సాగుతాయి, గుట్టలు, లోయలు దాటుకుని పోతాయి. పెద్ద ట్రాన్స్‌మిటరైతే వందా రెండు వందల కిలోమీటర్ల దాకా నిలకడగా అందుతుంది. రాత్రి పూట వాతావరణపు పైపొరలో పగలు ఈ తరంగాలను మింగేసే భాగం పలచబడిపోతుంది. అప్పుడు అవి పై నుంచి తిరిగి నేలకు వాలి మరెంతో దూరాన వినిపిస్తాయి. చీకటి పడ్డాక ముల్లు తిప్పితే ఎక్కడెక్కడి భాషలో వినబడటం అందుకే. శబ్దంలో గరగర ఉంటుంది, మాట ఒకసారి దగ్గరికి వచ్చి మరోసారి దూరమవుతుంది. అలవాటైన చెవి ఆ గరగరలోంచే మాటను ఏరుకుంటుంది.

వాల్వు రేడియో కాలంలో పల్లెలకు రెండు అడ్డంకులు. ఒకటి కరెంటు లేకపోవడం. బ్యాటరీ మీద నడిచే వాల్వు సెట్లు ఉండేవి కానీ ఆ బ్యాటరీలు బరువైనవి, ఖరీదైనవి. ఛార్జింగ్ కోసం పట్నం తీసుకుపోవలసినవి కూడా వాటిలో ఉండేవి. రెండోది లైసెన్సు. సెట్టు ఉన్న ప్రతి ఇంటివారూ ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఈ పద్ధతి 1980ల నడుమ దాకా సాగింది. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ పేర్లు ఇళ్లలో పలకడం మొదలైనా, ఊరికి ఒకటి రెండు సెట్లు మించేవి కావు.

అందుకే ప్రభుత్వం ఊరుమ్మడి సెట్లను నమ్ముకుంది. పంచాయతీ కచేరీలోనో చావడిలోనో ఒక రేడియో పెట్టి, సాయంత్రం గ్రామీణ కార్యక్రమాల వేళ అందరికీ వినిపించడం ఆ ఏర్పాటు. 1956లో పూనా చుట్టుపక్కల అయిదు జిల్లాల్లో, 150 పల్లెల్లో, యునెస్కో సాయంతో జరిగిన రేడియో రైతు సంఘాల ప్రయోగం దేశమంతటా పేరుపొందింది. విన్నదాని మీద రైతులు కూర్చుని చర్చించుకోవాలి, తమ ప్రశ్నలు కేంద్రానికి రాసి పంపాలి. 1959 నుంచి ఆ పద్ధతిని దేశమంతా విస్తరించారు. విని చర్చించుకున్న పల్లెల్లో వ్యవసాయ విషయాల మీద తెలివిడి పెరిగిందని ఆ ప్రయోగాన్ని పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త పాల్ న్యూరాత్ తేల్చారు. ఇది గొప్ప ఆలోచనే. అయితే ఊరుమ్మడి సెట్టుకు బ్యాటరీ అయిపోతే కొత్తది ఎవరు తేవాలి, చెడిపోతే ఎవరు బాగుచేయించాలి అన్న దగ్గర చాలా చోట్ల కుంటుపడింది. సెట్టు ఇవ్వడం ఒక రోజు పని, దానిని పలికిస్తూ ఉంచడం ఏళ్ల తరబడి పని. ప్రభుత్వ పథకాలు మొదటిదాన్ని లెక్కగట్టినంత జాగ్రత్తగా రెండోదాన్ని లెక్కగట్టలేదు.

జనం తమ సొంత డబ్బుతో రేడియో కొనడానికి ఎగబడింది మాత్రం వ్యవసాయ పాఠాల కోసం కాదు, పాటల కోసం. 1952లో సమాచార మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు లేకుండా చేయడంతో శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. షార్ట్ వేవ్ మీద కొలంబో నుంచి వచ్చే ఆ ప్రసారానికి హైదరాబాద్ అయినా బగ్దల్ అయినా ఒకటే దూరం. అదే ఏడాది డిసెంబర్‌లో అమీన్ సయానీ గొంతుతో మొదలైన బినాకా గీత్‌మాలా ఉర్దూ, హిందీ తెలిసిన దక్కన్‌లో వారానికో పండుగ అయింది. తెలుగు పాటలకు సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు ఉండేది. ఆమె పేరు తెలియని తెలుగు రేడియో ఇల్లు ఆ తరంలో అరుదు. 1957 అక్టోబర్ 3న ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించి పాటలను మళ్లీ ఇంటికి తెచ్చుకోవలసి వచ్చింది. షార్ట్ వేవ్ బ్యాండు ఉన్న సెట్టే కొనాలని జనం పట్టుబట్టడం ఈ సిలోన్ మోజు వల్లనే. కొత్త బ్యాండు కోసం, కొత్త సెట్టు కోసం శ్రోత డబ్బు తీయాలంటే పాత సెట్టులో దొరకనిది అందులో వినబడాలి. ఈ సీమలో రేడియో చరిత్రంతా ఈ ఒక్క సూత్రాన్నే మళ్లీ మళ్లీ రుజువు చేసింది.

ట్రాన్సిస్టర్ వచ్చాక అసలైన మార్పు జరిగింది. అమెరికాలో 1954లో అమ్మకానికి వచ్చిన ఈ చిన్న సెట్టు మన దేశంలో 1960ల్లో, 1970ల్లో పల్లెలకు చేరింది. కరెంటు అక్కర్లేదు, బరువు లేదు. అంగడిలో దొరికే మామూలు సెల్లులు వేస్తే వారాల తరబడి పలుకుతుంది. మేకల వెంట, మడక వెంట, మిరప తోటలోకి వెళ్లింది. సంతోష్ వంటి దేశీయ తయారీ సెట్లు, ఢిల్లీలో విడిభాగాలు కూర్చి అమ్మిన పేరులేని సెట్లు ధరను ఇంకా కిందికి దించాయి. తాలూకా కేంద్రాల్లో రేడియో మెకానిక్ అనే వృత్తి కుదురుకుంది. సోల్డరింగ్ కడ్డీ, నాలుగు విడిభాగాలు ఉంటే ఏ సెట్టునైనా మళ్లీ పలికించవచ్చు. ఇదే కాలంలో కలబురగి కేంద్రం బీదర్ సీమకు దగ్గరి కన్నడ గొంతు అయింది. హైదరాబాద్ నుంచి ఉదయం వార్తలు, పాడిపంటలు, కార్మికుల కార్యక్రమం, ఉర్దూలో నైరంగ్, రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు నడిపిన బాలల కార్యక్రమాలు వినవచ్చేవి. ట్రాన్సిస్టర్‌ను ఎవరూ పథకం పెట్టి పంచలేదు. ధర, బ్యాటరీ, మరమ్మతు మూడూ పల్లె చేతికి అందాయి కాబట్టి అదే పాకిపోయింది.

తర్వాత వచ్చిన ఎఫ్.ఎం. బగ్దల్ వంటి ఊళ్లకు మేలు చేయకపోగా కొంత లోటు చేసింది. 1977 జూలై 23న మద్రాసులో దేశపు తొలి ఎఫ్.ఎం. ప్రసారం మొదలైంది. 2001లో బెంగళూరులో ప్రైవేటు ఎఫ్.ఎం., 2006 నుంచి హైదరాబాద్‌లో ఒకదాని వెంట ఒకటిగా ప్రైవేటు కేంద్రాలు వచ్చాయి. ఎఫ్.ఎం. శబ్దం శుభ్రంగా ఉంటుంది కానీ దాని తరంగం చూపు మేరకే పోతుంది. యాభై, అరవై కిలోమీటర్లు దాటితే నమ్మకం లేదు. హైదరాబాద్ ఎఫ్.ఎం. సంగారెడ్డి దాటి పడమటికి వచ్చేకొద్దీ చిక్కిపోతుంది. ఈలోగా నగరాల శ్రోతలు ఎఫ్.ఎం.కు మళ్లడంతో మీడియం వేవ్ కార్యక్రమాల మీద ప్రకటనదారులకు ఆసక్తి తగ్గింది. సెట్ల తయారీదారులు చవక ఎఫ్.ఎం. సెట్ల వైపు తిరిగారు. పల్లెకు చేరే తరంగం పాతబడుతూ పోయింది, కొత్త తరంగం పల్లె దాకా రాలేదు.

ఈ లోటును ఒక చోట మాత్రం ఊరివాళ్లే పూడ్చుకున్నారు. పాత బీదర్ జిల్లాలోనిదే అయిన జహీరాబాద్ ప్రాంతంలో, మాచ్‌నూర్ గ్రామంలో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాలు సంగం రేడియోను నిలబెట్టాయి. యునెస్కో తోడ్పాటుతో 1998లో స్టూడియో కట్టుకున్నా అప్పట్లో ప్రసారానికి అనుమతి లేదు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచిన విధానం 2006 చివర్లో గానీ రాలేదు. ప్రసారం లేని ఆ పదేళ్లూ సంఘాల మహిళలు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించారు. 2008 అక్టోబర్ 15న, ఆ 1995 తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ చేతుల మీదుగా, 90.4 మెగాహెర్ట్జ్ మీద సంగం రేడియో గాలిలోకి వచ్చింది. స్వచ్ఛంద సంస్థ నడిపే కమ్యూనిటీ రేడియోల్లో దేశంలో మొదటి వరుసది అదే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు దానిని నడిపించిన తీరు దేశవిదేశాల్లో చర్చకు వచ్చింది. చిరుధాన్యాలు, విత్తనాల దాపు, నాటు వైద్యం, జాజిరి పాటలు, పండుగలు ఆ నేల మాటలోనే వినిపించాయి. దాని పరిధి పాతిక కిలోమీటర్ల లోపు. అది వినడానికి ఎవరూ కొత్త రకం సెట్టు కొననక్కరలేదు, ఇంట్లో ఉన్న చవక ఎఫ్.ఎం. సెట్టు చాలు. ఈ ఒక్క విషయమే దాని బలంలో సగం.

డిజిటల్ రేడియో తెలుగువాళ్ల దగ్గరికి మొదట ఉపగ్రహం మీంచి వచ్చింది. నోవా సమారా స్థాపించిన వరల్డ్‌స్పేస్ కంపెనీ 2000లో ఆసియాస్టార్ ఉపగ్రహాన్ని పంపి, భారత్‌లో చందా మీద డజన్ల కొద్దీ చానళ్లు అందించింది. తెలుగుకు స్పందన, కన్నడకు స్పర్శ, కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్తానీకి గాంధర్వ్ అందులోవే. ఉపగ్రహానికి బగ్దల్ అయినా బెంగళూరు అయినా ఒకటే. సరిహద్దు సీమలో ఒకే సెట్టులో పలు భాషలు స్వచ్ఛంగా వినే అవకాశం దక్కన్ రేడియో తర్వాత మళ్లీ అప్పుడే వచ్చింది. కానీ దానికి ప్రత్యేకమైన సెట్టు కావాలి, చిన్న ఏరియల్‌ను ఆకాశానికి సరిగ్గా గురిపెట్టి ఉంచాలి, ఏటా చందా కట్టాలి. పొలంలోకి తీసుకుపోయే వస్తువు కాదది, పట్నపు సంగీతప్రియుల మేడలకు సరిపోయింది. 2008లో మాతృసంస్థ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. 2009 డిసెంబర్ 31తో భారత్‌లో సేవ ఆగిపోయింది. కొన్న సెట్లు మరే ప్రసారాన్నీ పట్టుకోలేని వట్టి పెట్టెలయ్యాయి. ఒక కంపెనీ మూతపడితే సెట్టు మూగబోతుందన్న భయం డిజిటల్ అన్న పేరుకే అంటుకుంది. తర్వాత వచ్చినవాళ్లు ఆ భయాన్ని పోగొట్టడానికి పెద్దగా పాటుపడలేదు.

ఆకాశవాణి ఎంచుకున్న డిజిటల్ పద్ధతి వేరు. డి.ఆర్.ఎం. అనే ఈ ప్రమాణం కోసం ప్రసారసంస్థలు 1998లో చైనాలోని గ్వాంగ్‌జౌలో చేతులు కలిపాయి. 2003 జూన్‌లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం సందర్భంగా క్రమబద్ధమైన ప్రసారాలు మొదలయ్యాయి. పాత మీడియం వేవ్, షార్ట్ వేవ్ బ్యాండుల మీదే ధ్వనిని అంకెలుగా మార్చి పంపడం దీని పని. గరగర ఉండదు, ఎఫ్.ఎం.కు దీటైన శబ్దం వస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకటికి మించిన కార్యక్రమాలు, తెర మీద అక్షరాలు పంపవచ్చు. విపత్తు హెచ్చరికలు మోగించవచ్చు. కరెంటు ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. ఒక మహానగరానికి కాకుండా విశాలమైన పల్లె సీమలకు సరిపోయే డిజిటల్ రేడియో ఏదైనా ఉంటే అది ఇదే. బీదర్ సీమకు ఇంతకంటే తగిన సాంకేతికత కనబడదు. 2009లో ఢిల్లీ దగ్గరి ఖంపూర్ షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్‌తో మొదలుపెట్టిన ఆకాశవాణి, తర్వాత 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డిజిటల్‌కు సిద్ధం చేసింది. వాటిలో హైదరాబాద్, విజయవాడ, ధారవాడ, బెంగళూరు ఉన్నాయి. ప్రపంచంలో మరే దేశమూ ఈ పద్ధతి మీద ఇంత పెద్ద ఎత్తున ట్రాన్స్‌మిటర్లు పెట్టలేదు.

ట్రాన్స్‌మిటర్లు సిద్ధమయ్యాయి, సెట్లు రాలేదు. ఏవియాన్ అనే భారతీయ కంపెనీ తెచ్చిన డి.ఆర్.ఎం. సెట్టు ధర పది వేల రూపాయలు దాటింది. అదే రోజుల్లో సంతలో ఎఫ్.ఎం., మీడియం వేవ్ రెండూ పలికే సెట్టు కొన్ని వందలకే దొరికేది. పది వేలు పెట్టగల ఇల్లు ఆ సొమ్ముతో స్మార్ట్‌ఫోన్ కొంటుంది. డి.ఆర్.ఎం. సెట్టు తాలూకా కేంద్రంలోని ఎలక్ట్రానిక్స్ దుకాణంలో కనబడే వస్తువు కాదు, తెప్పించుకోవాలి. అంకెలను విప్పే చిప్పు తొలినాళ్లలో బ్యాటరీని త్వరగా తినేసేది. ట్రాన్సిస్టర్‌ను ఇంటింటికీ చేర్చిన మూడు గుణాలు, చవకతనం, సెల్లుల పొదుపు, చేతి మరమ్మతు, మూడూ ఇందులో తలకిందులయ్యాయి. మెకానిక్ సోల్డరింగ్ కడ్డీకి ఈ చిప్పు లొంగదు.

మారుతి సుజుకి, హ్యుందాయ్, మహీంద్రా వంటి కార్ల కంపెనీలు తమ కొన్ని మోడళ్లలో డి.ఆర్.ఎం. రిసీవర్ అమర్చడం పెద్ద ముందడుగే. అలా లక్షల కార్లలో డిజిటల్ రేడియో చేరింది. కానీ కారు కొన్నవాళ్లలో చాలామందికి తమ డాష్‌బోర్డులో అది ఉన్నట్టే తెలియదు. అమ్మేవాళ్లు చెప్పరు, ప్రసారసంస్థ కూడా గట్టిగా చాటలేదు. పైగా రేడియోను నమ్ముకున్న రైతుకూలీకి, పశువుల కాపరికి, ఇంటిపని చేసుకునే ఇల్లాలికి కారు లేదు. డి.ఆర్.ఎం. ఎవరి కోసం పుట్టిందో వాళ్లను వదిలి, ఫోన్‌లో ఏ పాటనైనా వినగల వాళ్ల దగ్గరికి వెళ్లింది.

అంతకంటే లోతైన లోపం కార్యక్రమాల్లో ఉంది. పరివర్తన కాలంలో పాత శ్రోతలను పోగొట్టుకోకూడదని ఆకాశవాణి పాత ప్రసారాన్నీ డిజిటల్ ప్రసారాన్నీ పక్కపక్కనే నడిపింది. ఆ జాగ్రత్త న్యాయమైనదే. అయితే చాలావరకు పాత సెట్టులో వచ్చేదే డిజిటల్‌లోనూ వచ్చింది. సిలోన్ పాటల కోసం షార్ట్ వేవ్ సెట్టు కొన్న తాతకు ఆ పాటలు పాత సెట్టులో దొరకలేదు కాబట్టి కొన్నాడు. మనవడికి అలాంటి కారణం ఎవరూ చూపించలేదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకటికి మించిన సేవలు పంపగల శక్తిని సరిహద్దు సీమల కోసం వాడుకుని ఉంటే, హైదరాబాద్ నుంచి ఒక సేవ తెలుగులో, ఒకటి ఉర్దూలో, మరొకటి దక్కన్ కన్నడ, మరాఠీ ప్రాంతాల కోసం వచ్చి ఉంటే, పాత హైదరాబాద్ రాజ్యపు జిల్లాలన్నిటిలోనూ ఆ సెట్టుకు గిరాకీ పుట్టడానికి కారణం దొరికేది. అది సాంకేతికంగా సాధ్యమే. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన కేంద్రాలను చూసుకునే ఏర్పాటులో దాన్ని తలపెట్టేవాళ్లు లేకపోయారు.

దూరపు ఊళ్లకు మరో ఇబ్బంది ఉంది. పాత మీడియం వేవ్ బలహీనపడితే గరగర పెరుగుతుందే తప్ప మాట పూర్తిగా పోదు. డిజిటల్ సంకేతం ఒక హద్దు దాకా తేటగా పలికి, ఆ హద్దు దాటగానే ముక్కలై నిశ్శబ్దమైపోతుంది. ప్రసార పరిధి అంచున ఉన్న ఊళ్లకు ఇది చిన్న తేడా కాదు. దానికి తోడు ఇప్పుడు ఇళ్లలో నిండిన ఎల్.ఇ.డి. బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు మీడియం వేవ్ బ్యాండు మీద రొద చల్లుతున్నాయి. ఆ రొద పాత ప్రసారాన్నీ కొత్త ప్రసారాన్నీ కూడా కమ్మేస్తుంది.

ఈలోగా రేడియో శబ్దం పక్క వాకిలి నుంచి అంకెల రూపంలో పల్లెలోకి వచ్చేసింది. 2004లో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్ సేవలో ఆకాశవాణి భాషా చానళ్లు కూడా వస్తాయి. టీవీ తెర మీద బొమ్మ లేకుండా తెలుగు రేడియో వినవచ్చు. స్మార్ట్‌ఫోన్లు, చవక డేటా వచ్చాక ప్రసారభారతి న్యూస్ఆన్‌ఎయిర్ యాప్‌లో హైదరాబాద్, విజయవాడ, కలబురగి కేంద్రాలన్నీ ఒకే వరుసలో దొరుకుతున్నాయి. బగ్దల్‌లో ఉన్న తెలుగు శ్రోతకు ఇది నిజంగా పెద్ద వెసులుబాటు. డేటా ఖర్చు, సిగ్నల్ బలం, నెట్‌వర్క్ ఆగిపోయే వరద రోజులు, ఇవి మాత్రం దాని హద్దులు. ఫోన్లలో ఉండే ఎఫ్.ఎం. రిసీవర్‌ను కంపెనీలు మూసివేస్తున్నాయని గమనించి, విపత్తు సమయాల దృష్ట్యా దాన్ని తెరిచి ఉంచాలని కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వశాఖ 2023లో సూచించింది. డి.ఆర్.ఎం. చిప్పు ఫోన్‌లోకి రావాలన్న ప్రయత్నం మాత్రం పెద్ద తయారీదారుల దాకా పోలేదు.

ఇతర దేశాల అనుభవం కూడా ఒక్క తీరుగా లేదు. 1995లోనే డి.ఎ.బి. అనే మరో డిజిటల్ పద్ధతిలో ప్రసారాలు మొదలుపెట్టిన నార్వే, 2017లో జాతీయ ఎఫ్.ఎం. ప్రసారాలను ఆపివేసింది. అప్పటికి దేశమంతటా డిజిటల్ ప్రసారం చేరింది, పాత ఎఫ్.ఎం.లో లేని చానళ్లు చాలా వచ్చాయి. అయినా కార్లలో పాత సెట్లున్న జనం గొణుక్కోక తప్పలేదు. బ్రిటన్ కూడా 1995లోనే మొదలుపెట్టి ఎఫ్.ఎం.ను మూసే తేదీని వాయిదా వేస్తూ వచ్చింది. కెనడా వేరే బ్యాండులో డిజిటల్ రేడియో ప్రారంభించి, సెట్లు కొనేవాళ్లు లేక విరమించుకుంది. నెగ్గిన నార్వేలో కొత్త చానళ్లు, దేశవ్యాప్త ప్రసారం, మూసే తేదీ మూడూ ముందే స్పష్టంగా ఉన్నాయి. భారత్‌లో ట్రాన్స్‌మిటర్లు ముందు వచ్చి, తక్కిన మూడూ వెనకబడ్డాయి.

ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు డిజిటల్‌కు మారడంపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో ఒకసారి, 2025 అక్టోబర్‌లో మరోసారి సిఫార్సులు చేసింది. దేశమంతటికీ ఒకే డిజిటల్ ప్రమాణం ఎంచుకోవాలని, పాత ప్రసారం ఆపకుండా అదే ఫ్రీక్వెన్సీ మీద డిజిటల్ కార్యక్రమాలు కూడా పంపే పద్ధతిలో నాలుగు మహానగరాలతో, తొమ్మిది పెద్ద నగరాలతో మొదలుపెట్టాలని రెండో సిఫార్సు చెప్పింది. ఆ తొమ్మిదిలో హైదరాబాద్ ఉంది. డి.ఆర్.ఎం.కూ, అమెరికాలో వాడుకలో ఉన్న హెచ్.డి. రేడియోకూ మధ్య ప్రమాణం కోసం పోటీ సాగుతోంది. ఏది నెగ్గినా ఇది ఎఫ్.ఎం. బ్యాండు మీద జరిగే పని. హైదరాబాద్ ఎఫ్.ఎం. బగ్దల్ దాకా రాలేనట్టే ఆ డిజిటల్ ప్రసారమూ రాలేదు. మరోవైపు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో బీదర్ పేరుంది. ఆ చానళ్లు వస్తే బగ్దల్‌కు దగ్గరలోనే, మామూలు ఎఫ్.ఎం. సెట్టుకు అందే ప్రసారం మొదలవుతుంది. అది కన్నడంలో ఎంత, ఉర్దూలో ఎంత, తెలుగులో ఎంత మాట్లాడుతుందో వేలం పాడుకున్న కంపెనీలు తేల్చుకోవాలి. హైదరాబాద్ నుంచి తెలుగును సరిహద్దు దాటించి రేడియో సెట్టులోకి తెచ్చే తరంగం ఇప్పటికీ మీడియం వేవ్ ఒక్కటే.